తోడా, కాపలానా? బౌద్ధిక వైకల్యంగల వ్యక్తుల 'తోడ్పాటు నివాసం': నాణ్యతా ప్రమాణాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లండులో బౌద్ధిక వైకల్యంగల వయోజనులు సంస్థల వసతిగృహాల్లో కాక, తమ పేరుమీద అద్దె ఒప్పందం ఉన్న ఇళ్లలో సహాయకుల తోడ్పాటుతో జీవించే పద్ధతిని 'సపోర్టెడ్ లివింగ్' అంటారు. పెద్ద ఆస్పత్రుల మూసివేత తరువాత ఇది ఆదర్శ నమూనాగా నిలిచింది. అయితే ఆ ఇళ్లలో అందే తోడ్పాటు మంచిదో కాదో చెప్పడానికి వాడుతున్న కొలమానాలు ఇంటిని కొలుస్తున్నాయా, కాగితాన్ని కొలుస్తున్నాయా అన్నది వివాదాంశం. అద్దె ఒప్పందం, నియంత్రణ సంస్థ తనిఖీ, 'ఎంపిక' అనే భావన, సహాయకుల దైనందిన పనితీరు అనే నాలుగు కోణాల నుంచి ఆ కొలమానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చివర భారతీయ చట్టాల నేపథ్యంలో తెలుగు ప్రాంతాలకు సంబంధించిన ప్రశ్నలను ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: బౌద్ధిక వైకల్యం, తోడ్పాటు నివాసం, సంరక్షణ నాణ్యత, అద్దె హక్కు, క్రియాశీల తోడ్పాటు, స్వేచ్ఛాహరణం.

1. ప్రవేశిక: మాటల దగ్గరే మొదలయ్యే చిక్కు

దేశం మారితే అర్థం మారే పారిభాషిక పదాలు కొన్ని ఉంటాయి. బ్రిటన్‌లో 'లెర్నింగ్ డిసెబిలిటీ' అంటే బాల్యం నుంచే ఉండి, గ్రహణశక్తిని, స్వతంత్ర జీవన నైపుణ్యాలను గణనీయంగా తగ్గించే స్థితి. దాన్ని 'అభ్యసన వైకల్యం' అని మక్కికి మక్కిగా తెలుగు చేస్తే పాఠకుడు వేరే దారిలో పడతాడు. 2016 నాటి భారత వికలాంగుల హక్కుల చట్టం 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అన్న మాటను చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి వాటిలో ఎదురయ్యే ఇబ్బందులకు వాడింది. బ్రిటన్ వాడుకలోని అర్థానికి ఆ చట్టంలో దగ్గరగా ఉన్నది 'బౌద్ధిక వైకల్యం'. అందుచేత ఇక్కడ ఆ పదమే గ్రాహ్యం. 'మందబుద్ధి', 'బుద్ధిమాంద్యం' వంటి పాత మాటలు వాడుకలో ఇంకా మిగిలి ఉన్నా, వాటిలోని తీర్పు వినబడేవారికి వినబడుతూనే ఉంటుంది.

'సపోర్టెడ్ లివింగ్' విషయంలో చిక్కు మరింత లోతైనది. ఆశ్రమం, శరణాలయం, హోమ్, వసతిగృహం అనే మాటలన్నిటిలోనూ ఇల్లు సంస్థది, ఉండేవాడు అతిథి లేదా ఆశ్రితుడు. ఈ పద్ధతి పుట్టిందే ఆ సంబంధాన్ని తలకిందులు చేయడానికి. ఇక్కడ ఇల్లు అందులో ఉండేవాడిది; వచ్చిపోయేవాడు సహాయకుడు. 'సంరక్షణ' అన్న మాట కూడా పూర్తిగా నప్పదు. అందులో రక్షణ ముందుంటుంది, రక్షింపబడేవాడు వెనకుంటాడు. తెలుగులో 'తోడు' అనే మాటకు ఉన్న అర్థచ్ఛాయ వేరు. పొలానికి తోడు వెళ్లినవాడు పొలం యజమాని కాడు. ఎటు వెళ్లాలో వెళ్లేవాడే నిర్ణయిస్తాడు. ఈ కారణంగా ఈ వ్యాసంలో 'తోడ్పాటు నివాసం' అన్న పదబంధం వాడబడింది. అయితే ఆ నివాసాలలో నిజంగా జరుగుతున్నది తోడా, కాపలానా అన్న ప్రశ్న పదం మార్చినంత మాత్రాన తీరదు.

2. ఆస్పత్రి నుంచి ఇంటికి

చరిత్రను ఇక్కడ సంగ్రహంగా చెప్పుకోవడం చాలు. కార్డిఫ్ నగరంలోని ఈలీ ఆస్పత్రిలో రోగుల పట్ల జరిగిన క్రూరత్వం 1967లో పత్రికకెక్కింది. జెఫ్రీ హౌ నేతృత్వంలోని విచారణ నివేదిక 1969లో వెలువడింది. 1971లో ప్రభుత్వం శ్వేతపత్రం ద్వారా పెద్ద ఆస్పత్రుల నుంచి సమాజంలోకి అన్న విధానాన్ని ప్రకటించింది. 1980లో కింగ్స్ ఫండ్ సంస్థ ప్రచురించిన 'ఏన్ ఆర్డినరీ లైఫ్' అనే పత్రం, బౌద్ధిక వైకల్యంగలవారు మామూలు వీధిలో, మామూలు ఇంట్లో, మామూలు మనుషుల మధ్య ఉండాలని వాదించింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో ఆస్పత్రులు మూతపడ్డాయి. వాటి స్థానంలో ముందు చిన్న చిన్న సామూహిక గృహాలు, 1990ల నుంచి తోడ్పాటు నివాసాలు వచ్చాయి.

ఆ ప్రయాణం ముగిసిందనుకున్న సమయంలో 2011 మే 31న బీబీసీ పనోరమా కార్యక్రమం బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో జరుగుతున్న హింసను రహస్య చిత్రీకరణ ద్వారా బయటపెట్టింది. 11 మంది సిబ్బందికి శిక్షలు పడ్డాయి. అనుచితంగా ఆస్పత్రుల్లో ఉన్నవారందరినీ 2014 జూన్ 1 నాటికి సమాజంలోకి తరలిస్తామని 2012 డిసెంబరులో ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ గడువు దాటింది. 2015లో మరో ప్రణాళిక వచ్చింది. 2019 మార్చి నాటికి ఆస్పత్రి పడకల వినియోగాన్ని 35 నుంచి 50 శాతం తగ్గిస్తామన్నది దాని లక్ష్యం, అదీ నెరవేరలేదు. 2019లో కౌంటీ డరమ్‌లోని వోర్ల్‌టన్ హాల్‌లో దాదాపు అదే కథను అదే టెలివిజన్ కార్యక్రమం మళ్లీ చూపించింది.

ఈ వైఫల్యాలను చర్చించిన పత్రాల్లో ఒక ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్పత్రి చెడు, ఇల్లు మంచి అన్న ద్వంద్వంలో చర్చంతా సాగుతుంది. తరలింపు పూర్తయిన వ్యక్తి లెక్కలో విజయంగా నమోదవుతాడు. ఇంటికి చేరిన తరువాత ఆయన మంగళవారం మధ్యాహ్నం ఎలా గడిచిందన్నది ఆ లెక్కలో లేదు. తోడ్పాటు నివాస నాణ్యతను గురించిన విమర్శ మొదలు కావలసింది ఆ మధ్యాహ్నం దగ్గర.

3. ఇల్లు ఒకరిది, సహాయం మరొకరిది

తోడ్పాటు నివాసానికి సైద్ధాంతిక పునాది ఒక్కటే: ఇంటిని ఇచ్చేవారు, సహాయాన్ని ఇచ్చేవారు వేరువేరుగా ఉండాలి. కేర్ హోములో ఈ రెండూ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. సహాయకుడితో పొసగకపోతే ఉండేవాడే ఇల్లు వదలాలి. రెంటినీ విడదీస్తే, ఇల్లు కదలకుండా సహాయక సంస్థను మార్చుకోవచ్చు. అధికారం అద్దెదారు చేతికి వస్తుంది. ఆలోచన చాలా గట్టిది. దాని బలం ఎంతో చెప్పాలంటే, సంస్థల జీవితంలో మనిషి కోల్పోయే మొదటి వస్తువు ఇంటి తలుపుపై అధికారమే అన్న విషయాన్ని గుర్తు చేసుకోవాలి.

ఈ విభజన కాగితం మీదనే ఉందా, నిజంగా ఉందా అని పరీక్షించడానికి నేషనల్ డెవలప్‌మెంట్ టీమ్ ఫర్ ఇన్‌క్లూజన్ అనే సంస్థ 'నిజమైన అద్దె పరీక్ష'ను రూపొందించింది. ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి, ఎవరి సహాయం తీసుకోవాలి, ఎలాంటి సహాయం కావాలి, ఇంట్లో ఏం జరగాలి అన్న విషయాలలో అద్దెదారుకు అధికారం ఉందా అని ఆ పరీక్ష అడుగుతుంది. ఈ ప్రశ్నలలో రెండోది, మూడోది ఆచరణలో తరచు కూలిపోతాయి.

ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఇంటినే తీసుకుంటే, ఒక గది ఖాళీ అయినప్పుడు అందులోకి ఎవరు రావాలన్నది మిగిలినవారు నిర్ణయించే సందర్భాలు తక్కువ. ఖాళీ గది అంటే స్థానిక కౌన్సిల్‌కు, ఇంటి యజమాని సంస్థకు నష్టం. నిరీక్షణ జాబితాలో ఉన్నవారిలో ఎవరి అవసరాల గంటలు సరిపోతాయో వారు వస్తారు. సహాయ సంస్థ విషయంలోనూ అంతే. రాత్రి సహాయకుడు ఒక్కడే ఇంట్లో అందరికీ ఉమ్మడిగా ఉంటాడు కనుక, ఒక అద్దెదారు విడిగా సంస్థను మార్చుకోవడం దాదాపు అసాధ్యం. కౌన్సిల్ కొన్నేళ్లకొకసారి టెండర్లు పిలిచినప్పుడు మాత్రం సంస్థ మారవచ్చు. మార్చుకునే హక్కు ఎవరి పేరున రాయబడిందో వారికి కాక, డబ్బు చెల్లించేవారికి దక్కుతున్నదన్న మాట.

అద్దె ఒప్పందంపై సంతకం పెట్టేంత గ్రహణశక్తి అద్దెదారుకు లేదని తేలితే, కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనుమతితో మరొకరు సంతకం చేయాలి. ఇది చట్టబద్ధమే. విమర్శించవలసింది ఆ సంతకాన్ని కాదు. సంతకం తరువాత అద్దెదారు అన్న హోదా ఆ మనిషి జీవితంలో ఎక్కడైనా పనిచేస్తున్నదా అన్నది చూడాలి. ముందు గది తలుపు కొట్టకుండా లోపలికి వచ్చే సహాయకుడు, వంటగదిలో సిబ్బంది విధుల పట్టిక అతికించిన గోడ, అద్దెదారు సోఫా పక్కనే సంస్థ దస్త్రాల బీరువా ఉన్న ఇల్లు చట్టరీత్యా ఇల్లే. చూసినవారెవరికైనా అది కార్యాలయంలాగా కనబడుతుంది.

గృహయజమానుల వైపు నుంచి వచ్చిన మరో మార్పు ఈ ఇబ్బందిని పెంచింది. పెట్టుబడి నిధులు ఇళ్లను కొని, చిన్న గృహనిర్మాణ సంఘాలకు దీర్ఘకాలిక లీజుకిచ్చి, హౌసింగ్ బెనిఫిట్ ద్వారా వచ్చే అద్దెపై రాబడి పొందే నమూనా గత దశాబ్దంలో విస్తరించింది. ఇలాంటి లీజులపై ఆధారపడిన సంస్థల ఆర్థిక పటుత్వాన్ని గురించి సాంఘిక గృహ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా హెచ్చరించింది. తరువాత 2023లో తోడ్పాటు గృహాల నియంత్రణ పర్యవేక్షణ చట్టం వచ్చింది. పెట్టుబడి రావడమే తప్పని అనలేం, ఇళ్లు కావాలి. కాని ఇల్లు ఎక్కడ కట్టాలి, ఎన్ని గదులుండాలి అన్నది రాబడి నిర్ణయించినప్పుడు, 'ఎక్కడ ఉండాలి' అన్న మొదటి ప్రశ్న కూడా అద్దెదారు చేతిలోంచి జారిపోతుంది.

4. తనిఖీకి కనబడని ఇల్లు

ఇంగ్లండులో ఆరోగ్య, సామాజిక సంరక్షణ సేవల నాణ్యతను 2008 చట్టం కింద ఏర్పడిన కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేస్తుంది. సేవ సురక్షితమా, ఫలవంతమా, ఆదరణ ఉందా, అవసరాలకు స్పందిస్తున్నదా, నాయకత్వం సరిగా ఉందా అని అయిదు ప్రశ్నలు వేసి, 'అత్యుత్తమం' నుంచి 'అసమర్థం' వరకు నాలుగు స్థాయిల్లో రేటింగ్ ఇస్తుంది.

కేర్ హోము అయితే కమిషన్ భవనాన్నీ, అందులోని సంరక్షణనూ కలిపి చూస్తుంది. తోడ్పాటు నివాసంలో ఇల్లు అద్దెదారుది కాబట్టి భవనం కమిషన్ పరిధిలోకి రాదు. స్నానం చేయించడం, దుస్తులు తొడగడం, తినిపించడం వంటి 'వ్యక్తిగత సంరక్షణ' మాత్రమే నియంత్రిత కార్యకలాపం. అలాంటి సంరక్షణ అవసరంలేని అద్దెదారుకు డబ్బు లెక్కల్లోనో ప్రయాణాల్లోనో అందే సహాయం ఎంత చెడ్డదైనా కమిషన్ లెక్కలోకి రాదు. నమోదయ్యేది కూడా ఇల్లు కాదు; సంస్థ కార్యాలయం. ఒక కార్యాలయం కింద ఊరంతా చెదిరి ఉన్న అనేక ఇళ్లు ఉండవచ్చు. వాటన్నిటికీ కలిపి ఒకే రేటింగ్. తనిఖీ అధికారి కొన్ని ఇళ్లకు మాత్రమే, అదీ అద్దెదారు సమ్మతితో, వెళతారు.

సమ్మతి నియమాన్ని తప్పుపట్టడం సాధ్యం కాదు. మామూలు పౌరుడి ఇంట్లోకి ప్రభుత్వ అధికారి అడగకుండా రాలేడు. తోడ్పాటు నివాసంలోని పౌరుడికీ అదే గౌరవం దక్కాలి. కాని ఇక్కడొక విపరీతం ఉంది. మాట్లాడలేని అద్దెదారు సమ్మతిని తెలియజేసేది ఆయన సహాయకుడే. ఎవరి పనితీరు పరీక్షకు పెట్టారో వారే తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఇంట్లో ఏం జరుగుతున్నదో చూడలేని తనిఖీ, చివరకు ఏం రాశారో చూసే తనిఖీగా మారుతుంది. సంరక్షణ ప్రణాళికలు, ప్రమాద అంచనాలు, మందుల పట్టికలు, శిక్షణ నమోదులు అన్నీ తేదీలతో, సంతకాలతో ఉంటే సేవ బాగున్నట్లు కనబడుతుంది. దీనివల్ల సహాయకుడి గంటల్లో గణనీయమైన భాగం రాతపనికి పోతుంది. ఆ గంటలు అద్దెదారువి.

కమిషన్ 2020లో ప్రకటించిన మార్గదర్శకం బౌద్ధిక వైకల్యంగలవారి సేవలకు సరైన తోడ్పాటు, సరైన సంరక్షణ, సరైన సంస్కృతి అనే మూడు అంశాలను ముందుకు తెచ్చింది. 'సంస్కృతి' అన్న మాటను చేర్చడం మేలైన అడుగు. హింస జరిగిన ప్రతిచోటా నియమాలు రాసే ఉన్నాయి. సిబ్బంది తమలో తాము మాట్లాడుకునే భాష మాత్రం వేరు. అయితే సంస్కృతిని గంటల తరబడి కూర్చుని గమనించాలి తప్ప, దస్త్రంలో వెతికి పట్టుకోలేం. అంత సమయం తనిఖీ వ్యవస్థకు లేదు. 2024లో డాక్టర్ పెనీ డాష్ నిర్వహించిన సమీక్ష కమిషన్ పనితీరులోనే తీవ్రమైన లోపాలున్నాయని, కొన్ని సేవలకు అసలు రేటింగే లేదని, కొన్నిటి రేటింగులు చాలా పాతబడ్డాయని తేల్చింది. కొలిచే పరికరమే నమ్మదగనిది అయినప్పుడు, కొలతను ఆధారంగా చూపే సంస్థల ప్రచారపత్రాలను చదివే తల్లిదండ్రుల పరిస్థితి ఊహించదగినదే.

5. 'ఎంపిక' అనే మాట

తోడ్పాటు నివాస సాహిత్యంలో అతి తరచుగా వినబడే మాట 'ఎంపిక'. ఇది రెండంచుల కత్తి.

ఎరిక్ ఎమర్సన్ బృందం 2001లో ప్రచురించిన తులనాత్మక అధ్యయనం బ్రిటన్‌లోని తోడ్పాటు నివాసాలను సామూహిక గృహాలతో పోల్చింది. తోడ్పాటు నివాసాల్లో ఉన్నవారికి ఎంపిక చేసుకునే అవకాశం ఎక్కువ. సమాజంలో వారు పాల్గొనే కార్యకలాపాలూ ఎక్కువే. అదే సమయంలో ముందుగా నిర్ణయించిన కార్యక్రమాలు తక్కువ. వారి ఇళ్లపై విధ్వంస దాడులు జరిగే అవకాశం, ఇరుగుపొరుగు చేతిలో మోసపోయే ప్రమాదం ఎక్కువ. ఈ ఫలితాన్ని సమర్థకులు, విమర్శకులు తమ తమ సగాలు చూపి ఉటంకిస్తూ వచ్చారు. రెండు సగాలనూ కలిపి చదవడమే న్యాయం.

2006లో కార్న్‌వాల్‌లోని సెయింట్ ఆస్టెల్ పట్టణంలో ఒంటరిగా నివసిస్తున్న బౌద్ధిక వైకల్యంగల వ్యక్తి, స్నేహితులమని చెప్పి అతని గదిలో చేరినవారి చేతిలో చిత్రహింసలకు గురై హత్య చేయబడ్డాడు. అంతకుముందు అతడు తనకు అందుతున్న సహాయాన్ని వద్దన్నాడు. ఆ వద్దనడాన్ని ఎంపికగా స్వీకరించి సేవ ఆపివేశారు. ఎందుకు వద్దంటున్నాడో, ఎవరి ఒత్తిడిలో అంటున్నాడో విచారించలేదు. మార్గరెట్ ఫ్లిన్ రాసిన సమీక్షా నివేదిక ఈ అంశాన్ని తీవ్రంగా ఎత్తిచూపింది. వింటర్‌బోర్న్ వ్యూ ఉదంతంపై 2012లో సమీక్షా నివేదిక రాసినవారు కూడా ఆమే. ఒక నివేదికలో మనిషిని అడగకుండా బంధించిన వ్యవస్థ కనిపిస్తుంది. మరొకదానిలో మనిషి అన్న ఒక్క మాటనే పట్టుకుని వదిలేసిన వ్యవస్థ కనిపిస్తుంది. నాణ్యతను గురించిన ఏ సిద్ధాంతమైనా ఈ రెండు నివేదికలకూ ఏకకాలంలో జవాబు చెప్పగలగాలి. ఇప్పుడున్న ప్రమాణాలు ఒకదానికి జవాబు చెబితే రెండోదాన్ని మరచిపోతున్నాయి.

ఎంపికకు అవతలి అంచు స్వేచ్ఛాహరణం. 2014 మార్చి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు 'చెషైర్ వెస్ట్' కేసులో తీర్పు చెప్పింది. వ్యాజ్యంలోని ఒక వ్యక్తి మరో ఇద్దరితో కలిసి విశాలమైన బంగళాలో ఉంటున్నాడు. తల్లి ఇల్లు దగ్గరే. బయటికి తీసుకెళ్తారు, బాగా చూసుకుంటారు. అయినా అతడు నిరంతర పర్యవేక్షణలో, నియంత్రణలో ఉన్నాడు. అక్కడినుంచి వెళ్లిపోయే స్వేచ్ఛ అతనికి లేదు. ఈ రెండు లక్షణాలూ ఉంటే అది స్వేచ్ఛాహరణమే అని న్యాయస్థానం నిర్ణయించింది. పంజరం బంగారుదైనా పంజరమేనని న్యాయమూర్తి లేడీ హేల్ అన్న మాట తెలుగువారికి కొత్తగా వినిపించదు; ఆ పోలిక మన పలుకుబడిలో ఎప్పటినుంచో ఉన్నదే.

ఆ తీర్పు ప్రాధాన్యం ఒక సూక్ష్మమైన భేదంలో ఉంది. సంరక్షణ మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, స్వేచ్ఛ ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి 'మంచిదే' అన్న జవాబు వచ్చినంత మాత్రాన రెండోది రద్దు కాదు. ఆచరణలో ఈ భేదం ఎంత నిలిచిందన్నది సందేహమే. కేర్ హోములకు, ఆస్పత్రులకు ఉన్న పరిపాలనాపరమైన అనుమతి విధానం తోడ్పాటు నివాసాలకు వర్తించదు. అక్కడ కోర్టుకే వెళ్లాలి. దీన్ని సరళం చేయడానికి 2019లో చట్టసవరణ ఆమోదం పొందింది. దాని అమలును 2023 ఏప్రిల్‌లో వాయిదా వేశారు. అందువల్ల 'సొంత ఇల్లు' అనే పేరున్న చోట, కేర్ హోములో దొరికే పాటి సమీక్ష కూడా అందకుండానే తలుపులకు తాళాలు పడే అవకాశం మిగిలింది.

6. నాణ్యత ఉండే చోటు

కాగితం, తనిఖీ, కోర్టు కాక నాణ్యత మరెక్కడ ఉంటుంది? కెంట్ విశ్వవిద్యాలయంలోని టిజార్డ్ సెంటర్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన జిమ్ మాన్సెల్ ఇచ్చిన సమాధానం ఇప్పటికీ బలమైనది. 1993లో ప్రభుత్వం కోసం ఆయన రూపొందించిన నివేదిక, 2007 నాటి దాని సవరణ ఒకే విషయాన్ని నొక్కిచెప్పాయి: ఇబ్బందికరమైన ప్రవర్తనగలవారిని దూరంగా ఉన్న ప్రత్యేక సంస్థలకు పంపడం కాదు, స్థానికంగా నైపుణ్యంగల తోడ్పాటును నిర్మించాలి. జూలీ బీడిల్-బ్రౌన్‌తో కలిసి ఆయన అభివృద్ధి చేసిన 'క్రియాశీల తోడ్పాటు' సిద్ధాంతం ఆ నైపుణ్యానికి రూపం ఇచ్చింది.

ఆ సిద్ధాంతం వ్యతిరేకించేది 'హోటల్ నమూనా'ను. సహాయకుడు వండుతాడు, ఊడుస్తాడు, బట్టలు ఉతుకుతాడు. అద్దెదారు కుర్చీలో కూర్చుని టీవీ చూస్తాడు. ఇల్లు శుభ్రంగా, భోజనం వేళకు ఉంటుంది. తనిఖీ అధికారికి లోపమేమీ కనబడదు. ఆ మనిషి రోజు మాత్రం ఖాళీగా పోతుంది. ఒక కప్పు టీ సంగతే తీసుకుంటే, సహాయకుడు తానే కలిపి తెస్తే మూడు నిమిషాల పని. అద్దెదారు కెటిల్‌లో నీళ్లు పట్టడానికి చేయి అందించి, టీ సంచిని కప్పులో వేయడం చూపించి, పాలు పోయడం అతనికే వదిలేస్తే ఇరవై నిమిషాలు పట్టవచ్చు. గట్టు మీద పాలు ఒలుకుతాయి. మనిషి ఎంత చేయగలడో అంత చేయనిచ్చి, చేయలేని చోట మాత్రమే, అవసరమైనంత మాత్రమే చేయి కలపడం ఇందులోని కిటుకు. మాట చాలినచోట చేయి వాడకూడదు. సైగ చాలినచోట మాట అక్కరలేదు.

ఇది వినడానికి తేలిక. ఎదుటి మనిషి ముఖంలోని చిన్న మార్పును గుర్తించి తన సహాయాన్ని క్షణక్షణం సవరించుకోవడం శిక్షణతో, మెలకువగల పర్యవేక్షకుల అభ్యాసంతో వచ్చే విద్య. వరుసగా కొత్త ముఖాలు వచ్చిపోయే ఇంట్లో అది సాధ్యపడదు. ఇక్కడే వేతనాల ప్రశ్న నాణ్యత ప్రశ్నగా మారుతుంది. రాత్రిపూట ఇంట్లోనే నిద్రించి, అవసరమైతే లేచి సహాయపడే 'స్లీప్ ఇన్' విధికి గంటగంటకూ కనీస వేతనం వర్తిస్తుందా అన్న వివాదంలో 2021 మార్చి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు వర్తించదని తేల్చింది. మెలకువగా ఉండి పనిచేసిన సమయానికే అది వర్తిస్తుంది. ఆ కేసులోని సహాయకురాలు బౌద్ధిక వైకల్యంగల ఇద్దరు పురుషుల ఇంట్లో రాత్రులు గడిపేది; 16 నెలల్లో ఆమె లేవవలసి వచ్చింది 6 సార్లే. ఈ లెక్కను యాజమాన్యాలు ఊరటగా తీసుకున్నాయి. వెనుకబడిన సేవల మీద పడబోయిన భారీ బకాయిల భారం తప్పిందన్నది నిజం. కాని ఆ ఇంట్లో ఆ రాత్రులు ప్రశాంతంగా గడవడానికి, పక్క గదిలో ఎవరున్నారో ఆ ఇద్దరికీ తెలిసి ఉండడం ఎంతవరకు కారణమన్నది వేతనశాస్త్రం లెక్కించలేని విషయం.

తెలుగువారికి ఈ రంగంతో నేరుగా ఉన్న సంబంధం కూడా ఇక్కడే. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ సంరక్షణ సహాయకులకు వీసా ద్వారం తెరిచినప్పుడు వెళ్లినవారిలో భారతీయులు ప్రధాన భాగం. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు. 2024 మార్చి నుంచి వారు కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లే వీలు పోయింది. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆగిపోయాయి. వీసా ఒక యజమానికి ముడిపడి ఉన్న సహాయకుడు ఇంట్లో చూసిన తప్పును బయటపెట్టడానికి వెనకాడితే ఆశ్చర్యం లేదు. తన సొంత ఎంపికలు అంత ఇరుకైనవాడు, మరొకరి ఎంపికను కాపాడవలసిన స్థానంలో ఉండడం ఈ వ్యవస్థలోని వైరుధ్యాలలో ఒకటి. నాణ్యతను గురించిన అధికారిక పత్రాలు ఈ వైరుధ్యాన్ని ప్రస్తావించేది అరుదు.

7. తెలుగు నేలపై అదే ప్రశ్న

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒడంబడిక 19వ అధికరణం, ఇతరులతో సమానంగా సమాజంలో జీవించే హక్కును, ఎక్కడ ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కును గుర్తించింది. భారతదేశం 2007లో, బ్రిటన్ 2009లో దాన్ని ఆమోదించాయి. 2016 నాటి భారత చట్టం 5వ విభాగం సమాజంలో జీవించే హక్కును చెప్పింది. అంతకుముందే, 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్, వయోజనుల సామూహిక నివాసం కోసం 'ఘరౌందా', తాత్కాలిక నివాసం కోసం 'సమర్థ్' అనే పథకాలను రూపొందించింది. 1984లో స్థాపితమై నేడు బౌద్ధిక వైకల్యంగల వ్యక్తుల సాధికారతా జాతీయ సంస్థగా పిలవబడుతున్న కేంద్రసంస్థ ఉన్నది సికింద్రాబాదులోనే. కనుక ఈ చర్చకు తెలుగు నేల కొత్తది కాదు.

తెలుగు కుటుంబాలలో ఈ విషయం ఎప్పుడు వచ్చినా వచ్చే రూపం ఒకటే: మా తదనంతరం వీడికి దిక్కెవరు? ఆ ప్రశ్నలో ఆర్తి ఉంది, న్యాయమూ ఉంది. కాని ఆ ప్రశ్న అడిగిన తీరే సమాధానాన్ని నిర్దేశిస్తుంది. 'దిక్కు' వెతికితే ఆశ్రయం దొరుకుతుంది. ఆశ్రయంలో ఇల్లు, సహాయం, నిర్ణయం మూడూ ఒకే చేతిలో ఉంటాయి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి సంఘం సంరక్షకుణ్ణి నియమించగలదు. 2016 చట్టం 14వ విభాగం మాత్రం నిర్ణయాన్ని ఆ వ్యక్తితో కలిసి తీసుకునే 'పరిమిత సంరక్షకత్వం' వైపు మొగ్గింది. ఒకే మనిషికి వర్తించగల ఈ రెండు చట్టాల మధ్య ఉన్న దూరం, ఇంగ్లండులో అద్దె కాగితానికీ వంటగదికీ మధ్య ఉన్న దూరం వంటిదే.

ఇంగ్లండు అనుభవాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం పొరపాటు. అక్కడి హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ చెల్లించే సహాయపు గంటలు ఇక్కడ లేవు. ఇక్కడ ఎక్కువమంది వయోజనులు తల్లిదండ్రులతోనో, అన్నదమ్ముల ఇంట్లోనో ఉంటారు. క్రియాశీల తోడ్పాటు అన్న పేరు తెలియకుండానే కొడుకు చేత కంచాలు కడిగించే తల్లి, అంగడికి తోడు తీసుకెళ్లి చిల్లర అతని చేతే ఇప్పించే మేనమామ ఉంటారు. అదే వీధిలో, బంధువులు వచ్చినప్పుడు వెనుక గదిలోకి పంపబడే మనిషీ ఉంటాడు. ఈ రెండు ఇళ్ల మధ్య తేడాను చెప్పగల ప్రమాణం తెలుగులో ఇంకా రూపొందవలసి ఉంది. అది భోజనం, మందులు, శుభ్రత అనే మూడింటితో ఆగితే రెండు ఇళ్లకూ ఒకే మార్కులు పడతాయి. ఉదయం లేచే వేళ ఎవరు నిర్ణయిస్తున్నారు, పింఛను డబ్బు ఎవరి చేతిలోంచి ఖర్చవుతున్నది, ఇంటికి వచ్చినవారికి ఆ మనిషిని పేరుతో పరిచయం చేస్తున్నారా, అతడు వద్దన్నప్పుడు ఎందుకని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు ఆ ప్రమాణంలో ఉండాలి. వాటికి జవాబు దస్త్రంలో దొరకదు. అడగడానికి వెళ్లినవారు కాసేపు ఆ ఇంట్లో కూర్చోవాలి, వీలైతే ఆ మనిషి కలిపిన టీ తాగాలి.